తాయిలం ఎప్పుడు, ఎంత, ఎన్నాళ్లు?

పెంపుడు జంతువులు: పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుడి జవాబులు

కుక్కపిల్లల శిక్షణ గురించి ఈమధ్య మాకు అందిన ఉత్తరాలు వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు ఇబ్బందులతో వచ్చినా, వాటిలో ఎక్కువ భాగం చివరికి ఒకే సందేహం దగ్గర ఆగుతున్నాయి. తిండి పెట్టి నేర్పడం మంచిదా, కాదా? అందుకే ఈ నెల ఆ ఉత్తరాలనే ఒకచోట చేర్చి జవాబిస్తున్నాను. శిక్షణలో ఇచ్చే చిన్న తిండి ముక్కకు, పిల్లలకు మన పెద్దలు ఇచ్చే తాయిలం అన్న మాటనే వాడుతున్నాను.

ప్రశ్న: మా కుక్కపిల్లకు నాలుగు నెలలు. 'సిట్' అనగానే చక్కగా కూర్చుంటుంది, కానీ నా చేతిలో బిస్కెట్టు కనిపిస్తేనే. చెయ్యి ఖాళీగా ఉంటే నా వైపు చూడనైనా చూడదు. నేను దానికి లంచం అలవాటు చేశానని మా మామగారు అంటున్నారు. బిస్కెట్లు పూర్తిగా మానెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మానెయ్యవద్దు. అయితే మీ మామగారి మాటలో కొంత నిజం ఉన్నదని కూడా చెప్పాలి. లంచం పనికి ముందు చూపించేది, కూలి పని పూర్తయ్యాక చేతిలో పెట్టేది. మీరిచ్చే బిస్కెట్టు అదే, మీరిచ్చే పరిమాణమూ అదే. అది పిల్ల కంట పడుతున్న సమయం మాత్రమే తప్పు. రోజుకు పదిసార్లు చేతిలో బిస్కెట్టు పట్టుకొని 'సిట్' అన్నందువల్ల, ఆ బిస్కెట్టు కనిపించడం కూడా ఆజ్ఞలో ఒక భాగమని పిల్ల అనుకుంటోంది. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు మీరు చెప్పింది దానికి సగం మాటలాగే వినిపిస్తుంది. ఇందులో దాని మొండితనం గానీ గడుసుతనం గానీ ఏమీ లేదు.

తిండి ముక్కను ముక్కు దగ్గర పట్టి మెల్లగా తల మీదుగా వెనక్కి జరిపితే, పిల్ల తల పైకెత్తుతూ తనంతట తానే చతికిలబడుతుంది. ఇది ఎర. ఎరతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. మాట అంటే ఏమిటో తెలియని ఎనిమిది వారాల పసికూనకు మనం అడుగుతున్నదేమిటో చెప్పడానికి ఇంతకంటే సున్నితమైన మార్గం లేదు. అయితే ఎర ఆయుష్షు చాలా తక్కువగా ఉండాలి. ఐదారుసార్లు ఎరతో కూర్చోబెట్టిన తరువాత, ఏడోసారి అదే చేతిని అదే విధంగా, కానీ ఖాళీగా కదిలించండి. పిల్ల కూర్చున్న క్షణంలోనే 'భేష్' అని, రెండో చేతిలో దాచిన ముక్కనో, అలమారా మీద డబ్బాలో ఉంచిన ముక్కనో తీసి ఇవ్వండి. ఆహారం కంటికి కనిపించకపోయినా పని చేస్తే దొరుకుతుందన్న నమ్మకం అక్కడ మొదలవుతుంది. రెండు మూడు రోజుల తరువాత ముందుగా మాట చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆపైన చెయ్యి కదిలించండి. కొద్ది రోజులకు పిల్ల చేతి కదలిక కోసం ఎదురుచూడకుండా మాటకే కూర్చుంటుంది.

'భేష్' అన్న ఆ చిన్న మాటను తేలికగా తీసుకోవద్దు. పిల్ల కూర్చున్నది, మీరు డబ్బా కోసం అటు తిరిగారు, మూత తీసేలోగా అది లేచి మీ చీర కుచ్చిళ్లు లాగింది, మీరు ముక్క ఇచ్చారు. పిల్ల దృష్టిలో మీరు కూలి ఇచ్చింది కూర్చున్నందుకు కాదు, చీర లాగినందుకు. పనికీ ఫలితానికీ మధ్య ఎడం ఒక సెకను దాటితే ఏ పనికి ఏ ఫలితం వచ్చిందో పిల్లకు తెలియదు. అందుకే ముందుగా ఒకటి రెండు రోజులు ఏ పనీ అడగకుండా 'భేష్' అనడం, వెంటనే ముక్క ఇవ్వడం మాత్రమే చెయ్యండి. ఆ మాట వినపడితే ముక్క వస్తుందని పిల్లకు స్థిరపడ్డాక, కూర్చున్న క్షణంలో మాట అని, ముక్కను రెండు మూడు సెకన్లు ఆలస్యంగా ఇచ్చినా లెక్క తప్పదు. కొందరు శిక్షకులు 'టక్' మని మోగే క్లిక్కర్‌ను వాడేది ఇందుకే. ఇంట్లో పెంచుకునే పిల్లకు నోటి మాట చాలు.

ఇంకొక్క విషయం. మీ ఇంట్లో మీరు 'సిట్' అంటే, మామగారు 'కూర్చో' అని, పిల్లలు 'సిట్ డౌన్, సిట్ డౌన్' అని అంటూ ఉండవచ్చు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక్క మాటను ఎంచుకోండి. అది ఏ భాషలో ఉన్నదన్నది కుక్కపిల్లకు అనవసరం.

పని బాగా వచ్చిన తరువాత ప్రతిసారీ తాయిలం ఇవ్వనక్కరలేదు. ఒకసారి ఇచ్చి, రెండుసార్లు వట్టి మెచ్చుకోలుతో సరిపెట్టి, మళ్లీ ఒకసారి రెండు ముక్కలు ఇవ్వండి. ఎప్పుడు వస్తుందో తెలియని ఫలితం కోసం జంతువు మరింత పట్టుదలగా పని చేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో తేలి చాలా దశాబ్దాలైంది. అయితే ఇది నేర్చుకున్న పనికే వర్తిస్తుంది. కొత్త పని నేర్పుతున్నప్పుడు, ఇంట్లో వచ్చిన పనినే మొదటిసారి వీధిలో చేయించినప్పుడు, ప్రతిసారీ ఇవ్వవలసిందే. వంటింట్లో కూర్చోవడమూ, ఎదురుగా ఆటో పోతుండగా కూర్చోవడమూ కుక్కపిల్లకు రెండు వేర్వేరు పాఠాలు.

ప్రశ్న: మా ల్యాబ్రడార్ పిల్ల ఐదు కిలోల బరువుంటుంది. శిక్షణ పేరుతో పిల్లలు రోజుకు పది గ్లూకోజ్ బిస్కెట్లు పెడుతున్నారు, ఆపైన మా అమ్మగారు పెట్టేవి వేరు. ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది. తాయిలాలకు హద్దు ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది. రోజు మొత్తం ఆహారంలో తాయిలాల వంతు పదిశాతం మించకూడదని పశువైద్యులు సాధారణంగా చెబుతారు. మీ పిల్ల విషయంలో ఆ లెక్క చూద్దాం. విశ్రాంతిగా ఉన్న శరీరానికి కావలసిన శక్తిని బరువును బట్టి అంచనా కట్టే సూత్రం ప్రకారం ఐదు కిలోల జంతువుకు సుమారు 234 కేలరీలు కావాలి. నాలుగు నెలలలోపు ఎదిగే పిల్లకు దానికి మూడు రెట్లు, అంటే రోజుకు దాదాపు 700 కేలరీలు. అందులో పదోవంతు 70. చిన్న గ్లూకోజ్ బిస్కెట్టు ఒక్కటే ఇంచుమించు 20 కేలరీలు ఉంటుంది కాబట్టి, పది బిస్కెట్లంటే 200 కేలరీలు. పిల్ల రోజు తిండిలో పావు వంతుకు మించి మైదా, చక్కెరలే అయ్యాయన్నమాట. దానివల్ల బరువు పెరగడం ఒక నష్టమైతే, ఎముకల ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులు, ఖనిజాలు ఉండే అసలు ఆహారానికి కడుపులో చోటు లేకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

అదే 70 కేలరీలకు ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడి రొమ్ము మాంసం 40 గ్రాములు వస్తుంది. దాన్ని బఠాణీ గింజంత ముక్కలుగా కోస్తే సుమారు ఎనభై ముక్కలవుతాయి. ఎనభైసార్లు మెచ్చుకోవడానికి సరిపడే తాయిలం అది! ముక్క ఎంత పెద్దదన్నది పిల్ల పెద్దగా పట్టించుకోదు, ఎన్నిసార్లు వచ్చిందన్నదే దానికి ముఖ్యం. బిస్కెట్టు నమిలి, పొడి నేల మీద రాలిస్తే ఆ పొడి నాకుతూ పాఠం మరచిపోతుంది. చిన్న మెత్తని ముక్క గుటుక్కున మింగి వెంటనే మళ్లీ మీ మొహం చూస్తుంది. వేసవిలో మాత్రం ఉడికించిన మాంసాన్ని జేబులో పెట్టుకొని గంటల తరబడి తిరగవద్దు. ఫ్రిజ్‌లో ఉంచి, పాఠానికి సరిపడినంతే బయటికి తీయండి.

ఇంతకంటే సులువైన దారి కూడా ఉంది. మీరు ప్యాకెట్ ఆహారం పెడుతున్నట్లయితే, ఉదయం ఆ రోజు కోటాను తూచి, అందులో నుంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో పోయండి. ఇంట్లో ఎవరు తాయిలం ఇవ్వాలనుకున్నా ఆ డబ్బాలో నుంచే ఇవ్వాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. మీ అమ్మగారి ముచ్చట తీరుతుంది, లెక్కా తప్పదు. పాఠం భోజనానికి ముందు పెట్టుకోండి. మూడు నాలుగు నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు చాలు.

ఎంత పెట్టినా చాలదనడం మీ పిల్ల తప్పు కాదు. కడుపు నిండిందన్న కబురును మెదడుకు చేర్చే వ్యవస్థలో పాలుపంచుకునే ఒక జన్యువులో కొంత భాగం ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతు కుక్కలకు లోపించి ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో వెల్లడించారు. వికలాంగులకు సాయపడేందుకు శిక్షణ పొందే ల్యాబ్రడార్లలో ఈ లోపం ముప్పాతిక వంతుకు పైగా కుక్కలలో కనిపించింది. తిండి మీద ఆశ ఎక్కువగా ఉన్న కుక్క తిండితో త్వరగా నేర్చుకుంటుందన్నది దీనికి ఒక కారణం కావచ్చు. మీ పిల్లకు నేర్పడం సులువు. దాని ఒళ్లు కాపాడవలసింది మాత్రం మీరే, ఎందుకంటే అది తనంతట తాను చాలు అనదు.

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. ఇంట్లో మాంసం, గుడ్డు వండము. తాయిలంగా ఏమివ్వవచ్చు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పనీర్ చాలా కుక్కపిల్లలకు ప్రాణం. అయితే అందులో కొవ్వు ఎక్కువ కాబట్టి ఐదు కిలోల పిల్లకు రోజుకు పాతిక గ్రాములు దాటకుండా చూడండి. ఉడికించిన క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, బీన్స్, గింజలు తీసిన యాపిల్ ముక్కలు, నెయ్యి తగలని ఇడ్లీ ముక్క, ఇవన్నీ ఇవ్వవచ్చు. ఇంట్లో పాఠానికి క్యారెట్ సరిపోతుంది. వీధిలో, మనసు చెదిరే చోట, పనీరే తీసుకెళ్లండి. కష్టమైన పనికి మంచి కూలి ఇవ్వడం న్యాయం కదా. కొత్త పదార్థం ఏదైనా మొదటిరోజు రెండు ముక్కలకు మించవద్దు, విరేచనాలు కాకపోతే మర్నాటి నుంచి పెంచవచ్చు.

మీ ఇంటి విషయంలో నాకు ఎక్కువ భయం కిస్మిస్ గురించే. ద్రాక్షపళ్లు, కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఎంత తింటే ప్రమాదమన్నది కుక్కకూ కుక్కకూ మారుతుంది కాబట్టి 'కొంచెమే కదా' అనడానికి వీలులేదు. పాయసం, చక్కెర పొంగలి, రవ్వకేసరి ప్రసాదంగా కూడా పెట్టవద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి, అందువల్ల సాంబారు కలిపిన అన్నం పనికిరాదు. చాక్లెట్ విషం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. మామిడి టెంక పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా తెస్తుంది. ఇవేవైనా తిన్నదని తెలిస్తే వాంతులు మొదలయ్యేదాకా ఎదురుచూడకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా కాలనీలో శిక్షణ ఇచ్చే ఆయన 'ఆరు నెలలు నిండాక రండి, మెడకు చోక్ చెయిన్ (లాగితే మెడ చుట్టూ బిగుసుకునే గొలుసు) వేసి నేర్పుతాను, తిండి పెట్టి నేర్పితే కుక్క మనల్ని లెక్కచెయ్యదు' అంటున్నారు. మా పిల్లకు పది వారాలు. అప్పటిదాకా ఆగాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఒక్కరోజు కూడా ఆగవద్దు. ఆయన చెప్పిన పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, ఆరు నెలల నిబంధన ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. కుక్కల శిక్షణపై గత శతాబ్దంలో గొప్ప ప్రభావం చూపిన పుస్తకాలలో ఒకదాన్ని 1910లో జర్మనీలో పోలీసు కుక్కల శిక్షకుడు కాన్రాడ్ మోస్ట్ రాశారు. ఆ సంప్రదాయంలో గొలుసు కుదపడానికి, బలవంతానికి పెద్ద చోటుంది. మెడ గట్టిపడని పసికూన అలాంటి కుదుపులను తట్టుకోలేదు. కాబట్టి ఆ దారిలో నడిచే శిక్షకులు పిల్ల పెరిగేదాకా ఆగక తప్పలేదు. అంటే ఆరు నెలల గడువు గొలుసుకు అవసరమైనదే తప్ప పిల్లకు కాదు. 1980ల మొదట్లో ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు అమెరికాలో కుక్కపిల్లల కోసమే, మెడకు తాడు లేకుండా, తిండి ముక్కలతో నేర్పే తరగతులు నడిపి చూపించాక ఆ గడువు అనవసరమని చాలామందికి అర్థమైంది.

ఆగడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి చేసి 1965లో వెలువరించిన పరిశోధన ప్రకారం, కుక్కపిల్ల మనుషులతో, సాటి కుక్కలతో, చుట్టూ ఉన్న లోకంతో చెలిమి కుదుర్చుకునే కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకే. ఇప్పటి నిపుణులు పద్నాలుగో వారం దాకా అంటున్నారు. మీ పిల్ల ఆ గడువు చివరిలో ఉంది. ఈ నాలుగు వారాలు పోతే ఆరు నెలలప్పుడు ఎంత మంచి శిక్షకుడు వచ్చినా తిరిగి తేలేడు.

తిండి పెడితే లెక్కచెయ్యదన్న మాటకు వస్తే, పోర్చుగల్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. వేర్వేరు శిక్షణ కేంద్రాలలో నేర్చుకుంటున్న 92 పెంపుడు కుక్కలను వారు పరిశీలించారు. గొలుసు కుదుపులు, గద్దింపులు ఎక్కువగా ఉన్న కేంద్రాలలోని కుక్కలు పాఠం జరుగుతున్నంతసేపూ పెదవులు నాక్కోవడం, ఆవులించడం, ఒళ్లు ముడుచుకోవడం వంటి ఒత్తిడి గుర్తులను ఎక్కువగా చూపాయి. పాఠం తరువాత వాటి లాలాజలంలో ఒత్తిడిని సూచించే హార్మోను కార్టిసాల్ కూడా ఎక్కువగా పెరిగింది. అమెరికాలోని పశుప్రవర్తన నిపుణులైన పశువైద్యుల సంఘం 2021లో అన్ని కుక్కలకూ బహుమతులతోనే నేర్పాలని, చోక్ చెయిన్ వంటి సాధనాలు ఎప్పుడూ వాడవద్దని స్పష్టంగా ప్రకటించింది. మన దేశంలోనైతే జంతువును కొట్టడం, తన్నడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

భయపడిన కుక్క కూడా మాట వింటుంది, నేను కాదనను. కానీ అది మీ చెయ్యి పైకి లేచినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది. మీరు లేనప్పుడు, గొలుసు లేనప్పుడు, ఇంట్లో బలహీనులెవరో వారి మీద ఆ భయాన్ని చూపిస్తుంది. నా దగ్గరికి కరిచే సమస్యతో తెచ్చిన కుక్కల్లో ఇలా గొలుసుతో నేర్పినవి ఉన్నాయి. వాటి మెడ మీది మచ్చలు చూసిన ప్రతిసారీ నాకు ఎంతో బాధ కలుగుతుంది.

తిండి ఒక్కటే ఎందుకు, ప్రేమగా పిలిస్తే చాలదా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఎమరీ విశ్వవిద్యాలయంలో మెలకువగా ఉన్న కుక్కల మెదడును స్కాన్ చేసి 2016లో ప్రకటించిన ఫలితాలలో, చాలా కుక్కలు యజమాని మెచ్చుకోలుకు తిండితో సమానంగానో అంతకంటే ఎక్కువగానో స్పందించాయి. అయితే మెచ్చుకోలును ఇష్టపడటం వేరు, దాని కోసం కొత్త పని నేర్చుకోవడం వేరు. ఒకే పనిని పదే పదే చేయించి పోల్చిన ఫ్యూర్‌బాకర్, విన్ అనే పరిశోధకుల ప్రయోగాలలో తిండిదే పైచేయి అయింది. వట్టి మాటల కంటే ఒళ్లు నిమరడం మెరుగని కూడా వారి తరువాతి పరిశోధన చూపింది. కాబట్టి నేర్పేటప్పుడు తాయిలం ఇవ్వండి, దానితోపాటు 'భేష్' అని మెడ కింద నిమరండి.

ప్రశ్న: బయట మూత్రం పోసి లోపలికి రాగానే తాయిలం ఇస్తున్నాము. అయినా లోపల కూడా పోస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లోపలికి రాగానే ఇస్తున్నారు కాబట్టి. మీ పిల్ల గుమ్మం దాటి లోపలికి వచ్చినందుకు తాయిలం తింటోంది. ముక్కలు జేబులో వేసుకొని మీరూ దానితో బయటికి వెళ్లండి, పని ముగిసిన క్షణంలో, ఆ చోటే ఇవ్వండి. నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట ఆగగానే తీసుకెళ్లండి. లోపల పోస్తే తిట్టకుండా తుడిచెయ్యండి. తిడితే మీకు కనపడకుండా సోఫా వెనుకకు వెళ్లి పోయడం నేర్చుకుంటుంది.

ప్రశ్న: వీధిలో దొరికిన నాటు పిల్లను తెచ్చుకున్నాం. రెండున్నర నెలలు ఉండవచ్చు. ఇంట్లో గిన్నె నాకేస్తుంది, బయటికి తీసుకెళ్తే మాత్రం చికెన్ పెట్టినా వాసన చూడదు. కుక్కర్ విజిల్ వచ్చినా మంచం కిందికి దూరుతుంది. తిండి మీద ఆశ లేని పిల్లకు ఎలా నేర్పాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా, ఆ పిల్లకు ఇల్లు ఇచ్చినందుకు మీకు నా కృతజ్ఞతలు. దానికి తిండి మీద ఆశ లేకపోవడం కాదు. భయం ఆకలిని మింగేసింది. ప్రాణం మీదికి వచ్చిందనుకున్న శరీరం పారిపోవడానికి సిద్ధమవుతుంది గానీ అరిగించుకోవడానికి కాదు. అందువల్ల బయట పిల్ల తాయిలం తీసుకుంటున్నదా లేదా అన్నది మీకు ఒక థర్మామీటరు లాంటిది. తీసుకోకపోతే ఆ చోటును అది ఇంకా తట్టుకోలేదని అర్థం, వెంటనే వెనక్కి రండి. మెల్లగా తీసుకుంటే ఫరవాలేదు. వేలు కూడా కొరికేటంత ఆత్రంగా లాక్కుంటే, అది కూడా భయానికి గుర్తు కావచ్చు.

ఇటువంటి పిల్లకు మొదటి నెలలో తాయిలాన్ని ఏ పనికీ కూలిగా ఇవ్వవద్దు. శబ్దానికి జతగా ఇవ్వండి. గంట మోగిన తరువాత తిండి వస్తే కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు నోరూరుతుందన్నది రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ మనకు చూపించిన విషయమే. మీ ఇంట్లో ఆ గంట కుక్కర్ విజిల్. విజిల్ వచ్చిన వెంటనే, పిల్ల ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, మూడు నాలుగు మంచి ముక్కలు దాని ముందు వెయ్యండి. మొదట్లో తలుపు వేసి, శబ్దం పలచగా వినిపించే దూరపు గదిలో మొదలుపెట్టి రోజురోజుకూ దగ్గరికి తీసుకురండి. ఇందులో వరుస ముఖ్యం: శబ్దం ముందు, తిండి తరువాత. ఇది తారుమారైతే, అంటే ముక్క వేసిన తరువాత విజిల్ వస్తే, తిండే రాబోయే ప్రమాదానికి గుర్తుగా మారి పిల్ల చికెన్ చూసి పారిపోతుంది. ఇలా చెడిన పిల్లలను నేను చూశాను, వాటిని మళ్లీ దారిలో పెట్టడానికి నెలలు పట్టింది.

భయపడిన పిల్లకు తిండి పెడితే భయం పెరుగుతుందన్న మాట మీకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. భయం అది కావాలని చేసే పని కాదు, కూలి ఇస్తే పెరగడానికి.

వీధికి తీసుకెళ్లడం కూడా ఇదే పద్ధతిలో సాగాలి. టీకాలు పూర్తి కాలేదు కాబట్టి, పార్వో అనే ప్రమాదకరమైన అంటువ్యాధి భయం ఉన్నచోట నేల మీద దించకుండా చంకన ఎత్తుకొని గేటు దాకా వెళ్లండి. ఒక స్కూటరు పోతుంది, ఒక ముక్క. గొడుగు పట్టుకున్న మనిషి పోతాడు, ఒక ముక్క. ఐదు నిమిషాలు చాలు, ఇంట్లోకి వచ్చెయ్యండి. తొందరపడితే పది రోజుల పని ఒక్క సాయంత్రంలో పాడవుతుంది.

ప్రశ్న: మా తాతగారి కాలం నుంచి మా ఇంట్లో జోనంగి కుక్కలే. ఇప్పుడున్న పిల్లకు ఐదు నెలలు. బిస్కెట్టు, మాంసం ఏదిచ్చినా ఒకటి రెండు ముక్కలతో సరి, బాతులు కనిపిస్తే పిలిచినా రాదు.
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: కొల్లేటి పరిసరాల్లో బాతుల మందలను కాయడానికి పెంచిన కుక్క బాతులను చూసి మిమ్మల్ని మరచిపోవడం దాని రక్తంలో ఉన్న గుణం. తిండిని మించిన బహుమతి ఏదో అదే మీకు చూపిస్తోంది, దాన్ని వాడుకోండి. తక్కువ ఇష్టమైన పని చేస్తే ఎక్కువ ఇష్టమైన పనికి అనుమతి దొరుకుతుందన్న ఏర్పాటు ఏ బహుమతికీ తీసిపోదని డేవిడ్ ప్రిమాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే వివరించారు. పది మీటర్ల తాడు కట్టి, బాతులకు చాలా దూరంలో నిలబడి పిలవండి. మీ వైపు తిరిగి రెండడుగులు వేయగానే 'భేష్' అని, మీరూ దానితో కలిసి పరుగెత్తండి, లేదా గట్టు పక్కన మట్టి తవ్వుకోనివ్వండి. పిలిచి పట్టుకొని వెంటనే ఇంటికి తీసుకెళ్లి కట్టేస్తే మాత్రం మళ్లీ రాదు. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి వదిలెయ్యాలి. తిండి కూడా మానవద్దు. ఆకలిగా ఉండే పొద్దుటి పూట, దాని ముందు దొర్లిస్తే వెంటాడి తినేలా ముక్క విసిరి చూడండి. అందుకునే తిండి కంటే వేటాడే తిండి ఇటువంటి కుక్కలకు ఎక్కువ రుచి.

ప్రశ్న: మా పిల్ల తింటున్నప్పుడు దగ్గరికి వెళ్తే గుర్రుమంటోంది. యజమాని ఎవరో తెలియాలంటే మధ్యలో గిన్నె లాక్కోవాలని స్నేహితులు చెప్పారు. అలా చేసినప్పటి నుంచి గుర్రు ఎక్కువైంది. మా ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: గిన్నె లాక్కోవడం ఈ రోజు నుంచే ఆపండి. మీరు అన్నం తింటుండగా రోజూ ఒకరు వచ్చి కంచం లాక్కుంటే, నాలుగో రోజు ఆ మనిషి అడుగుల చప్పుడుకే మీ చెయ్యి కంచం మీద బిగుసుకుంటుంది. మీ పిల్ల భయం నిజమేనని మీరు దానికి ప్రతి పూటా రుజువు చేస్తున్నారు.

దీన్ని తిరగెయ్యండి. పిల్ల మామూలు ఆహారం తింటుండగా, అది గుర్రుమనని దూరంలో, నాలుగైదు అడుగుల అవతల నుంచి నడిచి వెళ్తూ, గిన్నెలో పడేలా ఒక మంచి మాంసం ముక్క విసిరి, ఆగకుండా వెళ్లిపోండి. మీరు వస్తే గిన్నెలోది పోదు, ఇంకొంచెం మంచిది వచ్చి పడుతుందని పిల్లకు నమ్మకం కుదరాలి. మీ అడుగుల చప్పుడు విని తోక ఊపుతూ తల ఎత్తి చూసిన రోజున ఒక అడుగు దగ్గరికి జరగండి, అంతకు ముందు కాదు. నోట్లో చెప్పు గానీ బొమ్మ గానీ పట్టుకున్నప్పుడు కూడా బలవంతంగా లాగకుండా, ముక్కు దగ్గర తాయిలం పెట్టి, అది వదిలిన క్షణంలో 'వదులు' అని, తాయిలం తిన్నాక వీలైతే ఆ బొమ్మను తిరిగి ఇచ్చెయ్యండి. ఇస్తే పోదని తెలిసిన కుక్క తేలిగ్గా ఇస్తుంది.

గుర్రుమన్నందుకు కొట్టకండి, అరవకండి. గుర్రు ఒక హెచ్చరిక. దాన్ని మాన్పిస్తే కుక్క హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. ఈ పాఠం మీరు, మీ ఇంట్లోని పెద్దవారు మాత్రమే చెయ్యాలి. పాప చేత చేయించవద్దు. పిల్ల తినేటప్పుడు పాప ఆ గదిలోకి వెళ్లకుండా తలుపు వేసి ఉంచండి. పాప తాయిలం ఇవ్వాలని ముచ్చటపడితే, వేరే సమయంలో, మీరు పక్కన కూర్చొని, వేళ్ల మధ్య పట్టుకోకుండా అరచేతిని చాచి దాని మీద ముక్క పెట్టి ఇవ్వడం నేర్పండి. నాలుగైదు నెలల వయసులో పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తూ ఉంటాయి కాబట్టి, కరవాలన్న ఉద్దేశం లేకపోయినా వేలికి పంటి గాటు పడుతుంది. ఎంత చిన్న గాటైనా సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి. పిల్లకు రేబిస్ టీకా ఇంకా వేయించకపోతే మూడు నెలలు నిండగానే వేయించండి.

రెండు మూడు వారాలైనా గుర్రు తగ్గకపోతే, లేదా గుర్రుమనడం దాటి మీదికి ఉరికితే, ఇంట్లో ప్రయోగాలు ఆపి దగ్గరలోని పశువైద్యుడికి చూపించండి. చెవిలోనో, పంటిలోనో, కడుపులోనో నొప్పి ఉన్న పిల్ల కూడా ఇలాగే గుర్రుమంటుంది, ఆ నొప్పి తగ్గనిదే ఏ తాయిలమూ పని చెయ్యదు.